గుడారం వేసే చోటు ఎవరు చెప్పాలి?

సంక్రాంతికి చేసిన అరిసెలు డబ్బాలో ఇంకా నాలుగు మిగిలి ఉండగానే ఇంగ్లండులోని మన తెలుగు ఇళ్ళల్లో ఓ పెద్ద చర్చ మొదలవుతుంది. ఇల్లు కొనేటప్పుడు కూడా అంత చర్చ జరగదు. "ఆగస్టులో కాంపింగుకి ఎక్కడికి పోదాం?" అన్నది ఆ చర్చ.

కాంపింగ్ అంటే తెలియని వాళ్ళకి ఒక్క ముక్క చెబుతాను. పచ్చిక మైదానంలో కాస్త చోటు రాత్రికింతని అద్దెకి తీసుకుని, మన డేరా మనమే వేసుకుని, చిన్న గ్యాసు పొయ్యి మీద మన వంట మనమే వండుకుని, నాలుగు రోజులో వారం రోజులో ఉండి రావడం. మొదటిసారి ఈ సంగతి ఫోన్లో చెబితే రాజమండ్రిలో మా అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నిక్షేపంలాంటి ఇల్లుండగా గుడ్డ కింద పడుకోవడం ఏం ఖర్మే! అల్లుడుగారి ఉద్యోగం బాగానే ఉంది కదా?" అని అడిగింది.

ఉద్యోగం బాగానే ఉంది. కానీ ఇక్కడ బడి ఉన్న రోజుల్లో పిల్లల చేత సెలవు పెట్టించి తిప్పితే తల్లిదండ్రులకి జరిమానా వేస్తారు. అంచేత దేశమంతా ఒక్కసారే, జూలై ఆఖరు నుంచి ఆగస్టు చివరిదాకా రోడ్డెక్కుతుంది. ఆ ఆరు వారాల్లో హోటలు గదుల అద్దెలు వింటే గుండె గుభేలుమంటుంది. పిల్లలకేమో గడ్డిలో దొర్లాలనీ, రాత్రి టార్చిలైటు వేసుకుని కథల పుస్తకం చదువుకోవాలనీ సరదా. అలా మనవాళ్ళ ఇళ్ళల్లోకి కూడా డేరా వచ్చి చేరింది. దానితో నాకేమీ పేచీ లేదు.

నా పేచీ అల్లా ఆ డేరా వేసే ఊరు ఎవరు నిర్ణయిస్తున్నారన్న దాని గురించే. ఇంటాయన మాట్లాడతారు, పిల్లలు మాట్లాడతారు, ఆయన స్నేహితులు మాట్లాడతారు. అక్కడికెళ్ళి వంట చేయవలసిన మనిషిని మాత్రం ఎవరూ అడగరు. ఇంకా విచిత్రమేమిటంటే, ఆ మనిషి కూడా నోరు విప్పదు.

ఉగాదికి మా లీసెస్టరులో హాలు అద్దెకి తీసుకుని అందరం కలుస్తాం. పచ్చడి తినడం, పిల్లల డాన్సులు అయ్యాక మగవాళ్ళు ఓ పక్క చేరతారు. "మేం లేక్ డిస్ట్రిక్ట్ అండీ," అంటారొకరు. "మేం స్నోడోనియా," అంటారింకొకరు. "మేం ఏకంగా స్కాట్లండే," అని మూడో ఆయన. వేలం పాటలో ధర పెంచినట్టు ఒకరిని మించి ఒకరు కొండ ఎత్తు పెంచుకుంటూ పోతారు. ఆ పక్కనే ఆడవాళ్ళం ప్లేట్లు సర్దుతూ, "ఏం వదినా, ఈసారి పులిహోర ఎన్ని పూటలకి తెస్తున్నావు?" అని మాట్లాడుకుంటూ ఉంటాం. ఊరు వాళ్ళ వంతు, పులిహోర మన వంతు!

మా ఇంట్లో కూడా మొదటి ఏడు అలాగే జరిగింది. మావారి ఆఫీసులో ఎవరో ఫోన్లో ఫొటో చూపించారు. అద్దంలాంటి సరస్సు, దాని వెనక పచ్చని కొండ, ముందర ఎర్రటి డేరా. అంతే, లేక్ డిస్ట్రిక్ట్ ఖాయమైపోయింది. ఫొటోకి తడి అంటదన్న సంగతి మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు.

లీసెస్టరు నుంచి కెజిక్ అనే ఆ ఊరు 200 మైళ్ళ పైచిలుకు. ఆగస్టులో శుక్రవారం సాయంత్రం ఎం సిక్స్ రోడ్డు మీద కార్లు తిరునాళ్ళ బళ్ళలాగ కదులుతాయి. కారు వెనక ప్రెజర్ కుక్కరు, పోపులపెట్టె, పాతిక చపాతీలు, పెరుగు గిన్నె. గిన్నె ఒలక్కుండా నా ఒళ్ళోనే పెట్టుకున్నాను. చేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర, వాన. చీకట్లో, వానలో, వంపు నేల మీద డేరా వేయడమెలాగో మావారు కాగితం చూసి చదువుతుంటే ఆ కాగితం ఆయన చేతిలోనే నానిపోయింది. ఇక డేరాదే తప్పు అన్నారు. ఆడలేక మద్దెల ఓడు అంటే ఇదే కదా.

ఐదు రోజులున్నాం. మూడు రోజులు వాన. మూడో రోజు సాయంత్రం జరిగింది మాత్రం సరదాగా చెప్పేది కాదు. పిల్లలు తడిసి వణుకుతున్నారు. గ్యాసు పొయ్యి గాలికి నిలబడటం లేదు. అంగట్లో కొన్న బొగ్గుల పళ్ళెం ఒకటి ఉంది, బార్బెక్యూ అంటారే, అది. దాని మీద మొక్కజొన్న పొత్తులు కాల్చి, మిగిలిన నిప్పుల వేడి పిల్లలకి తగులుతుంది కదా అని ఆ పళ్ళెం డేరాలోకి జరిపాను. మన ఊళ్ళల్లో చలికాలం కుంపటి పెట్టుకోమూ? అంత మాత్రమే అనుకున్నాను. జిప్పు వేసేశాను కూడా.

పక్క డేరాలో ఓ పెద్దావిడ ఉంది, డెబ్భై ఏళ్ళుంటాయి. నేను పళ్ళెం లోపలికి తీసుకుపోవడం చూసింది కాబోలు, వానలో పరుగెత్తుకొచ్చి మా జిప్పు తనే లాగేసింది. "బయట పెట్టు, ఇప్పుడే బయట పెట్టు" అని కేకలేసింది. నాకు కోపమొచ్చింది, అవమానమనిపించింది. తర్వాత ఆవిడే నెమ్మదిగా చెప్పింది. బొగ్గులు కాలేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు వస్తుంది. రంగుండదు, వాసనుండదు. మూసిన డేరాలో అది నిండితే నిద్రలో ఉన్నవాళ్ళు నిద్రలోనే పోతారు. చల్లారినట్టు కనిపించే బొగ్గుల నుంచి కూడా వస్తుందట. ఇక్కడ అలా కుటుంబాలు పోయిన సందర్భాలున్నాయంది. మన పాత ఇళ్ళల్లో పెంకుల సందుల్లోంచీ, కిటికీల్లోంచీ గాలి ఆడేది. ఈ ప్లాస్టిక్ గుడ్డలోంచి ఏమీ ఆడదు.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. పిల్లల ఊపిరి వింటూ కూర్చున్నాను. తప్పు నాదే, ఒప్పుకుంటాను. కానీ ఆ తప్పు దాకా నన్ను నడిపించింది ఏమిటని కూడా ఆలోచించాను. తడి, చలి, ఆకలి, చుట్టూ తెలియని చోటు, పక్కన "అందమైన చోటికి తీసుకొస్తే మొహం అలా పెడతావేం?" అనే మనిషి. ఇవన్నీ ఒకచోట చేరితే ఎంత తెలివైన ఇల్లాలైనా తెలివితక్కువ పని చేస్తుంది. చోటు ఎంచుకోవడమంటే సరదా విషయం కాదు, ఇంటిల్లిపాది క్షేమానికి సంబంధించిన విషయమని నాకు ఆ రాత్రే తెలిసింది.

ఇంటికొచ్చాక మ్యాపు ముందేసుకుని కూర్చున్నాను. చిన్నప్పుడు భూగోళం పాఠంలో చదివిందే ఇక్కడా వర్తిస్తుందని అప్పటిదాకా తోచనేలేదు. మనకి పడమటి కనుమలు ఉన్నాయి చూడండి, అరేబియా సముద్రం మీంచి వచ్చే మేఘాలన్నీ ముందు వాటికి కొట్టుకుని ఆ పక్కనే కురిసిపోతాయి. ఇవతల ఉన్న అనంతపురం ఆకాశం కేసి చూస్తూ ఉంటుంది. ఈ దేశంలోనూ అంతే. గాలి ఎక్కువ రోజులు పడమటి నుంచి, అట్లాంటిక్ సముద్రం మీంచి వీస్తుంది. లేక్ డిస్ట్రిక్టు, వేల్సు కొండలు, స్కాట్లండు పడమటి కొండలు ఆ మేఘాలకి ఎదురు నిలబడతాయి. కెజిక్ కి దగ్గర్లోనే బారోడేల్ లోయలో సీత్‌వెయిట్ అనే చిన్న పల్లె ఉంది. ఇంగ్లండులో మనుషులు కాపురముండే చోట్లలో అన్నిటికంటె ఎక్కువ వాన పడేది అక్కడే. ఏడాదికి సుమారు 3,500 మిల్లీమీటర్లు. అదే దేశంలో తూర్పున ఉన్న కేంబ్రిడ్జిలో ఏడాదికి 600 మిల్లీమీటర్లు కూడా పడదు. అంటే ఇంచుమించు మన అనంతపురమంత!

లెక్క అర్థమైందా? "వానదేముందండీ, ఇంగ్లండులో ఎక్కడైనా వానే" అనే మాట వినీ వినీ నా చెవులు చిల్లులు పడ్డాయి. ఎక్కడైనా వానే, నిజమే. కానీ చెంబుడు నీళ్ళకీ బిందెడు నీళ్ళకీ తేడా లేదా? ఆ తేడా గొడుగు పట్టుకుని నడిచేవాళ్ళకి తెలియదు. తడిసిన ఏడు జతల బట్టలు ఎక్కడ ఆరేయాలా అని చూసే మనిషికి తెలుస్తుంది.

లేక్ డిస్ట్రిక్టుని నేను తీసిపారేయడం లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనను. ఊరు బంగారమే. 1951లో నేషనల్ పార్కు అయింది, 2017లో యునెస్కో వారి ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కింది. ఇంగ్లండులోకెల్లా ఎత్తైన స్కాఫెల్ పైక్ కొండ అక్కడిదే, అన్నిటికంటె పెద్ద సరస్సు విండర్మియరూ అక్కడిదే. కానీ ఆగస్టులో అక్కడ జనాన్ని చూడాలి! ఈ గోల ఇవాళ్టిది కాదు. ఆ సరస్సుల గురించి కవిత్వం రాసిన వర్డ్స్‌వర్త్, యాత్రికులకి దారి చూపిస్తూ ఏకంగా ఓ గైడుపుస్తకమే రాశాడు. ఆ తర్వాత విండర్మియరుకి రైలు వేస్తామనేసరికి, 1844లో, జనం వచ్చి పడతారని పత్రికలకి ఉత్తరాలు రాసి పోట్లాడాడు. పిలిచిందీ ఆయనే, వద్దన్నదీ ఆయనే. రైలు మాత్రం 1847లో వచ్చేసింది. పిల్లలు చిన్నవాళ్ళైతే ఆ సరస్సులు చూడటానికి డేరా అక్కర్లేదు, ఏ మే నెలలోనో ఒక్క రాత్రి గదిలో ఉండి చూసి రండి.

మగవాళ్ళ మీద మాత్రమే తప్పు తోసేస్తున్నాననుకుంటారేమో. రెండో ఏడు చోటు నేనే చెప్పాను. ఎలా చెప్పాననుకున్నారు? గోడ మీది క్యాలెండరు చూసి! స్కాట్లండు పడమటి తీరం, నీలం నీళ్ళు, తెల్ల ఇసుక. "మీ లేక్ డిస్ట్రిక్టు చూశాంగా, ఇక నా మాట వినండి" అని పంతం పట్టాను. దూరపు కొండలు నునుపని నాకు మాత్రం తెలియదా? ఆ ఆవేశంలో గుర్తు రాలేదు. అక్కడ వేసవంతా మిడ్జెస్ అని నుసమల్లాంటి పురుగులుంటాయి. గాలి వీస్తే ఫరవాలేదు, ఎగరలేవు. గాలి ఆగిందా, పొద్దున్నా సాయంత్రం మేఘంలా కమ్ముతాయి. కుడతాయి. సరిగ్గా అన్నం కలిపే వేళకి వస్తాయి. మా అబ్బాయి తలకి తువ్వాలు చుట్టుకుని ముద్ద ముద్దకీ కాస్త తెరిచి మూస్తూ తిన్నాడు. మావారు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

అంచేత నేను చెప్పేది మగాడు ఎంచితే తప్పు, ఆడది ఎంచితే ఒప్పు అని కాదు. బొమ్మ చూసి ఎంచితే ఎవరు ఎంచినా తప్పే. పని చూసి ఎంచాలి. ఆ పని ఎవరు చేస్తారో వాళ్ళ మాటకి విలువ ఉండాలి. అంతే.

పని చూసి ఎంచడమంటే ఏమిటి? ముందు దూరం. పిల్లలు కారులో ఎన్ని గంటలు కూర్చోగలరు, వెలుగుండగా చేరి డేరా వేయగలమా? రెండోది వాన, గాలి. మూడోది మైదానంలో కుళాయి ఎక్కడ, మరుగుదొడ్డి ఎంత దూరం, వేడి నీళ్ళు వస్తాయా? అర్ధరాత్రి నిద్రమత్తులో ఉన్న నాలుగేళ్ళ పిల్లని బూట్లు తొడిగి తీసుకెళ్ళేది ఎవరో మీకు తెలుసు. నాలుగోది, నేల వంపుగా ఉందా, చదునుగా ఉందా? అయిదోది, రోజంతా వాన కురిస్తే అరగంట దూరంలో కాలక్షేపానికి ఏముంది? ఆఖరిది, అన్నిటికంటె ముఖ్యమైంది. రోజుకి ఒక్క పూటైనా పొయ్యి వెలిగించకుండా గడిచే దారి ఉందా?

ఈ చివరిదానికి చిప్స్ దుకాణాలున్నాయి కదా అంటారు. ఉన్నాయి. కానీ శాకాహారులు ఒక్క ప్రశ్న అడిగి కొనుక్కోండి. ఉత్తరాన, ముఖ్యంగా యార్క్‌షైరు వైపు, చాలా దుకాణాల్లో బంగాళాదుంపల్ని గొడ్డు కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించే దుకాణం పక్క వీధిలోనే ఉంటుంది. అడగడంలో సిగ్గు లేదు.

ఇలా లెక్క వేసుకుని మూడో ఏడు మేం వెళ్ళింది నార్ఫోక్ తీరానికి. ఉగాదినాడు ఆ పేరు చెబితే ఒకాయన, "అక్కడేముందండీ, బల్లపరుపు నేల!" అన్నారు. బల్లపరుపు నేలే కావాలండీ, దాని మీద పడుకోవాలి కదా అన్నాను.

లీసెస్టరు నుంచి 100 మైళ్ళు, కాస్త చిల్లర. మధ్యాహ్నం భోంచేసి బయల్దేరితే టీ వేళకి డేరా లేచింది. హోల్కమ్ దగ్గర సముద్రం ఆటుకి ఎంత దూరం వెనక్కి పోతుందంటే, ఇసుకలో నడిచి నడిచి నీళ్ళని వెతుక్కోవాలి. ఒక్క జాగ్రత్త, పోటు వచ్చేటప్పుడు మీ వెనక ఉన్న పల్లపు కాలవలు ముందు నిండుతాయి. అంచేత ఆటుపోట్ల వేళలు చూసుకునే దిగాలి. మార్‌స్టన్ నుంచి పడవలో వెళితే బ్లేక్నీ ఇసుకదిబ్బ మీద సీల్ జంతువులు మన గేదెల్లాగ బద్ధకంగా పడుకుని ఉంటాయి. ఇంకో వింత. మన విశాఖలో, కాకినాడలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు కదా, తూర్పు తీరమంటే అంతే కదా. హన్‌స్టంటన్ అనే ఊరు కూడా ఇంగ్లండు తూర్పు వైపుదే. కానీ సముద్రం లోపలికి చొచ్చుకొచ్చిన చోట పడమటి ముఖంగా ఉండటం వల్ల అక్కడ సూర్యుడు సముద్రంలో అస్తమిస్తాడు. ఎరుపూ తెలుపూ చారల కొండచరియ కింద నిలబడి అది చూశాం. మా అమ్మాయి, "అమ్మమ్మకి ఫోన్ చేసి చూపిద్దాం" అంది. అప్పటికి రాజమండ్రిలో అర్ధరాత్రి దాటింది!

ఒక రోజు వాన పడింది. పడదని నేనెప్పుడన్నాను? ఆ రోజు కారులో గంట ప్రయాణం చేసి ఎల్వెడెన్ అనే పల్లెకి వెళ్ళాం. అక్కడి చర్చి ఆవరణలో పంజాబు ఆఖరి మహారాజు దులీప్ సింగ్ సమాధి ఉంది. చిన్నపిల్లవాడిగా ఉండగా రాజ్యం, కోహినూరు వజ్రం రెండూ పోగొట్టుకుని, ఈ దేశంలో ఎస్టేటు కొనుక్కుని బతికి, 1893లో పోయిన మనిషి. ఆ వజ్రం మన కృష్ణ ఒడ్డున కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు కదా. ఆ గడ్డిలో, ఆ సన్నటి వానలో నిలబడి పిల్లలకి ఆ కథ చెప్పాను. అంత శ్రద్ధగా వాళ్ళు ఏ పాఠమూ వినలేదు.

అయితే నార్ఫోక్ ఒక్కటే నా ఆరోగ్య రహస్యం కాదు. వెళ్ళేముందే ఇంట్లో ఒప్పందం చేసుకున్నాం. వంట రోజుకి ఒక్క పూట, అది నేను చేస్తాను. గిన్నెలు తండ్రీ కొడుకులవి. ఈ కాంపింగు మైదానాల్లో గిన్నెలు కడగడానికి ఓ పక్క వరసగా తొట్లు కట్టి ఉంటాయి. సాయంత్రమయ్యేసరికి అక్కడ చూడండి, భుజాన తువ్వాలు వేసుకుని, ప్లాస్టిక్ బుట్టలో ప్లేట్లు పెట్టుకుని తెల్లవాళ్ళ మగవాళ్ళు వరసలో నిలబడి ఉంటారు. మావారు మొదటి రోజు అటూ ఇటూ చూస్తూ దొంగలా వెళ్ళారు. రెండో రోజు అరగంటైనా రాలేదు. ఏమైందా అని నేను వెళ్ళి చూస్తే, తోమిన కుక్కరు చేత్తో పట్టుకుని ఎవరో ముసలాయనతో కబుర్లు. ఆటుపోట్ల పట్టిక ఎలా చదవాలో, ఏ దుకాణంలో నూనెతో వేయిస్తారో, వచ్చే ఏడు ఏ ఊరు బావుంటుందో అన్నీ ఆ తొట్టి దగ్గరే తెలుసుకుని వచ్చారు. ఫోన్లో ఫొటో చూపించిన ఆఫీసు స్నేహితుడు వీటిలో ఒక్కటీ చెప్పలేదు. ఎందుకంటే ఆయన కూడా ఎప్పుడూ గిన్నెలు కడిగి ఉండరు!

"అంత కష్టమైతే ఇంట్లోనే ఉండొచ్చుగా" అంటారు కొందరు. ఈ మాటకి నాకు ఒళ్ళు మండుతుంది. కష్టమని ఎవరన్నారు? కష్టం ఒక్కరిదే కావడం కష్టం. ఈ దేశంలో కాంపింగుని జనానికి అలవాటు చేసిన థామస్ హైరమ్ హోల్డింగ్ అనే ఆయన దర్జీ. సైకిలు మీద పట్టేంత తేలికైన డేరాలు తయారుచేసుకుని తిరిగేవాడు. 1901లో సైకిలు కాంపర్ల సంఘం పెట్టింది ఆయనే. భారం తగ్గించుకుని బయటికి వెళ్ళడమే ఈ సరదాకి మూలం. మనం చేస్తున్నదేమిటి? వంటిల్లు మొత్తం మూటగట్టుకెళ్ళి, కుళాయి లేని చోట మళ్ళీ అదే కాపురం పెడుతున్నాం. పిల్లలకీ ఆయనకీ అది సెలవు. మనకి అది బదిలీ.

"మైదానమూ అద్దె ఎందుకు, కొండ మీద ఎక్కడపడితే అక్కడ వేసేద్దాం" అనే వీరులు కూడా కొన్ని ఇళ్ళల్లో ఉన్నారు. స్కాట్లండులో 2003 నాటి చట్టం ప్రకారం అలా వేసుకునే హక్కుంది, కొన్ని నియమాలతో. ఇంగ్లండు, వేల్సుల్లో నేల సొంతదారు అనుమతి కావాలి. డార్ట్‌మూర్ బీళ్ళల్లో మాత్రం ఆ హక్కు ఉందని 2025లో సుప్రీంకోర్టు తేల్చింది. వీపున మూట వేసుకుని తిరిగే కుర్రాళ్ళకి అది బావుంటుంది. కుళాయీ మరుగుదొడ్డీ లేని చోటికి పిల్లల తల్లిని రమ్మనేవారు ముందు ఒక వారం తామొక్కరే పిల్లల్ని తీసుకెళ్ళి రావాలని నా అభిప్రాయం.

అందరూ నార్ఫోక్ కే పోవాలని నేననడం లేదు. అలా అంటే అదీ ఇంకో క్యాలెండరు బొమ్మే అవుతుంది. మీరు న్యూకాజిల్ వైపున ఉంటే నార్తంబర్లండ్ తీరం మీ గుమ్మంలోనే ఉంది. బాంబరా కోట, దాని కింద మైళ్ళ కొద్దీ ఇసుక. పక్కనే ఉన్న హోలీ ఐలండుకి పోయే రోడ్డు రోజుకి రెండుసార్లు సముద్రంలో మునిగిపోతుంది, వేళలు చూసుకునే వెళ్ళాలి. లండన్ వాళ్ళకి సఫోక్ తీరం దగ్గర. కార్డిఫ్ వాళ్ళకి పెంబ్రోక్‌షైర్ ఉంది, పడమరే అయినా వేల్సు కొండల మీద పడినంత వాన తీరం పక్కన పడదు. మీకు దగ్గరేదో, మీ పిల్లల వయసుకి తగిందేదో, మీ చేతులకి తేలికైందేదో అది చూసుకోండి. దూరం తగ్గితే గొప్ప తగ్గుతుందేమో గాని సుఖం తగ్గదు.

ఇక మనవాళ్ళకే ఒక మాట. "పోనీలెండి, ఆయనకి ఇష్టం కదా" అని ఊరుకునే అక్కయ్యలు, చెల్లెళ్ళు చాలామంది ఉన్నారు. ఊరుకున్నందుకు మనకి ఎవరూ సన్మానం చేయరు. ఐదు రోజులు మొహం ముడుచుకుని తిరిగితే ఆ సెలవు ఎవరికీ దక్కదు, పిల్లలకి కూడా. నోరు విప్పి ముందే చెప్పడం పెంకితనం కాదు. ఆ వానలో పరుగెత్తుకొచ్చి నా డేరా జిప్పు లాగిన పెద్దావిడ మర్యాద కోసం ఊరుకుని ఉంటే ఏమయ్యేదో నేను ఇప్పటికీ తలుచుకోలేను.

వచ్చే సంక్రాంతికి మీ ఇంట్లో మ్యాపు పరిచినప్పుడు పులిహోర లెక్క కాసేపు ఆపి వచ్చి కూర్చోండి. ఎవరైనా గొప్ప పేరున్న ఊరు చెబితే వద్దనకండి. "బావుందండీ. అక్కడ గిన్నెలు కడిగే తొట్టి ఎక్కడుంది, రోజూ ఎవరు వెళతారు?" అని మాత్రం అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి జవాబు వచ్చాకే డబ్బు కట్టండి.